గ్యారంటీ జీతమా, బిల్లింగ్‌లో వాటానా? కొత్త వెటర్నరీ డాక్టరు ప్రశ్న

ప్రశ్న: వెటర్నరీ డిగ్రీ ఈమధ్యే పూర్తయింది. రెండు క్లినిక్‌లు రమ్మంటున్నాయి. ఒకచోట స్థిర జీతం. రెండోచోట గ్యారంటీ దానిలో 80 శాతమే, కానీ నా బిల్లింగ్‌లో 20 శాతం వాటా లెక్కకట్టి, అది గ్యారంటీని దాటితే ఆ ఎక్కువ కూడా ఇస్తారట. చదువు అప్పు 9 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. ఇంట్లోవాళ్లేమో ఇంకో అప్పు తెచ్చి, ఎక్స్‌రే మెషిన్‌తో సొంత క్లినిక్ పెట్టెయ్యమంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: మొదటి ఏడాది స్థిర జీతానికే వెళ్లండి. ఒక్కటే షరతు: మీ షిఫ్టులో సీనియర్ డాక్టరు ఉంటారన్న మాట ఒప్పందంలో రాసి ఉండాలి. సొంత క్లినిక్ కనీసం రెండేళ్లు ఆగాలి.

స్థిర జీతం నెలకు 100 అనుకుందాం. రెండోచోట గ్యారంటీ 80. మీ వాటా ఆ 80ని అందుకోవాలంటే బిల్లింగ్ 400 కావాలి, 100 అందుకోవాలంటే 500. సీనియర్ అరగంటలో ముగించే ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా చేసే స్పే ఆపరేషన్ కొత్తలో మీకు గంటన్నర పట్టొచ్చు. పట్టనివ్వండి. అండాశయం దగ్గర కట్టిన ముడి తొందరలో జారితే లోపల రక్తం కారి, కుక్కను మళ్లీ టేబుల్ ఎక్కించాల్సి వస్తుంది. కానీ వాటా జీతం మాత్రం ఆ గంటన్నరకు అరగంట కూలే లెక్కకడుతుంది. నిదానంగా నేర్చుకోవాల్సిన ఏడాదిలో మిమ్మల్ని పరుగెత్తించే జీతం వద్దనేది అందుకే.

ఆ ఒప్పందంలో ‘నెగెటివ్ అక్రూయల్’ అనే షరతు ఉందేమో చూడండి. వాటా గ్యారంటీకి తగ్గిన నెలల లోటును మీ పేరున బాకీగా మోస్తూ పోవడమే అది. మొదటి మూడు నెలలు మీ బిల్లింగ్ 250, 300, 350 అనుకోండి. వాటా 50, 60, 70. లోటు 30, 20, 10, మొత్తం 60. నాలుగో నెల నుంచి బిల్లింగ్ 500కు పెరిగినా, నెలకు మిగిలే 20 పాత బాకీకే పోతుంది. ఆరో నెల ముగిసేదాకా మీ చేతికి 80కి మించి ఒక్క పైసా రాదు. మధ్యలో మానేస్తే ఆ బాకీ మీనుంచి రాబడతారా, మాఫీ చేస్తారా? సంతకానికి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. వ్యాక్సిన్లు, ల్యాబ్ పరీక్షలు, మందుల అమ్మకం బిల్లింగ్‌లోకి వస్తాయా, జంతువు యజమాని ఎగ్గొట్టిన బిల్లు ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవీ అడగాలి.

రెండు ఆఫర్లనూ గంటకు ఎంత అని కొలవండి. ఈనలేక అవస్థపడే ఆవు కోసం రాత్రి రెండింటికి బయల్దేరితే నాలుగు గంటలు పోతాయి, పొద్దున తొమ్మిదికి మళ్లీ డ్యూటీ. ఆ రాత్రికి విడిగా డబ్బు ఇస్తారా, మర్నాడు ఆలస్యంగా రానిస్తారా, సొంత బండి వాడితే కిలోమీటరుకు ఎంత కట్టిస్తారు? ఇవి కలిపితే చాలాసార్లు పెద్ద జీతమే చిన్నదిగా తేలుతుంది.

ఇంకో నష్టం మన చేతుల్లోనే జరుగుతుంది. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే ఐవీ క్యాన్యులా, రెండో సెలైన్ సీసా, నొప్పికి ఇచ్చిన రెండో ఇంజెక్షన్ హడావిడిలో బిల్లుకెక్కవు. జంతువు యజమాని మొహం చూసి జాలితో కాస్త తగ్గిస్తాం. 100 బిల్లులో ఖర్చులు 80 అయితే మిగిలేది 20. పది శాతం తగ్గింపు అందులో సగాన్ని తినేస్తుంది. జాలి పడొద్దని నేననను, అది లేకపోతే ఈ వృత్తే లేదు. నెలకు ఇంత అని సహాయ మొత్తం క్లినిక్ యజమానితో ముందే మాట్లాడుకుని, దాని లోపలే తగ్గించండి. చికిత్స మొదలుపెట్టకముందే అంచనా కాగితం చేతికివ్వడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఇక అప్పు. పదేళ్ల గడువులో ప్రతి 1,000 అసలుకు నెలకు 12.67 కిస్తీ, మొత్తం కట్టేది సుమారు 1,520. గడువు పదిహేనేళ్లకు పొడిగిస్తే కిస్తీ 10.14కు తగ్గినా కట్టేది 1,826కు పెరుగుతుంది. పదేళ్లే ఉంచండి. కిస్తీని 15కు పెంచగలిగితే 93 నెలల్లో తీరిపోతుంది, వడ్డీలో దాదాపు 130 మిగులుతుంది. అయితే ముందు మూడు నెలల ఇంటిఖర్చు, కిస్తీలతో సహా, పక్కన పెట్టాకే ఈ అదనపు కట్టుబడి. ఆ డబ్బు లేకపోతే మనసు విరిచే చోట కూడా కిస్తీ కోసం ఉండిపోవాల్సి వస్తుంది.

బీమా వాయిదా వెయ్యకండి. ఆవు తన్నితే మణికట్టు విరగొచ్చు. పశువుల్లో గర్భస్రావం తెచ్చే జబ్బు రాకుండా వేసే బ్రూసెల్లా ఎస్19 వ్యాక్సిన్‌లో ఉండేది బతికున్న క్రిమి, సూది పొరపాటున వేలికి గుచ్చుకుంటే మనుషులకూ జబ్బు రావొచ్చు. జబ్బో గాయమో వచ్చి పని ఆగితే డబ్బిచ్చే ఆదాయ రక్షణ పాలసీ తీసుకునేటప్పుడు ‘ఏ పనీ చెయ్యలేకపోతే’ అని ఉందా, ‘మీ వృత్తి చెయ్యలేకపోతే’ అని ఉందా చూడండి, రెండోదే కావాలి. రేబిస్ ముందస్తు టీకా ఖర్చు క్లినిక్‌నే పెట్టుకోమనండి. 0వ రోజు, 7వ రోజు, రెండు డోసులు: డబ్ల్యూహెచ్‌ఓ 2018లో సూచించిన పద్ధతి ఇది.

సొంత క్లినిక్ సంగతికొస్తే, ఎక్స్‌రే మెషిన్ కిస్తీ నెలకు 100, మెయింటెనెన్స్ 15 అనుకోండి. ఒక్కో ఎక్స్‌రేకు ఫీజు 5, మత్తుమందుకీ మనిషికీ 1 పోతే మిగిలేది 4. అంటే నెలకు 29 ఎక్స్‌రేలు తీస్తేనే మెషిన్ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. రేడియేషన్ ఆపే గోడలు, సీసపు ఏప్రాన్లు, అనుమతులు వేరే. రోజుకు ఒకటి చొప్పున ఎక్స్‌రే అవసరపడే కేసులు మీ దగ్గరికి వస్తాయని ఇవాళ ఎవరు చెప్పగలరు? ఉద్యోగంలో ప్రతి నెలా మీరు రాసిన ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, ఆపరేషన్లు ఒక నోటుబుక్కులో లెక్క పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఆ అంకెలూ, ఆరు నెలల క్లినిక్ అద్దె, జీతాలు, మందుల ఖర్చుకు సరిపడా నగదూ చేతిలో ఉంటే అప్పుడు అప్పుకు వెళ్లండి. అయితే ఇప్పుడు చేరే ఉద్యోగ ఒప్పందంలో, మానేశాక ఇన్ని కిలోమీటర్ల లోపల ఇన్నేళ్లు ప్రాక్టీసు పెట్టకూడదన్న షరతు ఉంటే, ఆ దూరాన్నీ ఆ గడువునూ తగ్గించమని ఇప్పుడే అడగండి. సంతకం పెట్టాక వినే అవసరం వాళ్లకు ఉండదు.