కణానికి టెన్షనా?

సందేహం: కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు గురించిన ఒక వ్యాసంలో 'కణ వత్తిడి సంకేతాలు జబ్బును ముదరబెడతాయి' అని చదివాను. కణానికి కూడా టెన్షన్ ఉంటుందా? వత్తిడా, ఒత్తిడా? 'కణ ఒత్తిడి' సాధువేనా?

సమాధానం: ముందు రెండో ప్రశ్న. ఒత్తు నుంచి పుట్టింది కాబట్టి ఒత్తిడే. వత్తి దీపంలో ఉండేది, సంస్కృత 'వర్తి' నుంచి వచ్చిన వేరే మాట. ఒత్తును వొత్తు అని పలికి, ఆపైన వత్తు అని రాసేశారు. వు వూ వొ వోలు తెలుగు మాటలకు మొదట లేవని చిన్నయసూరి సూత్రమే చెప్పాడు. చదివేవాళ్లేరీ! కన్నడంలోనూ ఒత్తు అంటే నొక్కడమే. అక్షరం కింద చేరే ఒత్తు, ఒత్తి పలకడం ఆ ఇంటివే.

ఇక తాకిడి, దోపిడి, తొక్కిడి చూడండి. ఈ 'ఇడి' మాటల్లో చేసేవాడొకడు, పడేవాడొకడు. (రాపిడిలో ఇద్దరూ అరుగుతారు, అది వేరు.) ఒత్తిడి కూడా బయటినుంచి వచ్చి పడేదే. అందుకే కణం విషయంలో ఈ మాట సగమే అతుకుతుంది.

మీ టెన్షన్‌కూ, ఇంగ్లీషులో సెల్ స్ట్రెస్ అనే దీనికీ కలిసింది పేరొక్కటే. కాలేయ కణంలో అంతర్జీవద్రవ్యజాలం అనే చోట ప్రొటీన్లు మడతపడి సరైన ఆకారానికి వస్తాయి. సంతృప్త కొవ్వు ఆమ్లాలు, చక్కెరలు అదేపనిగా వచ్చి పడితే ఆ పని చెడి, మడతపడని ప్రొటీన్లు పేరుకుంటాయి. ఐఆర్‌ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అనే మూడు ప్రొటీన్లు ఇది పసిగడతాయి. కొత్త ప్రొటీన్ల తయారీ తగ్గించి, మడతపెట్టే సాయం పెంచమని కబురు పెడతాయి. ఇంతవరకూ మేలే, కణం కుదుటపడుతుంది. కబురు ఆగకపోతేనే చిక్కు. కొవ్వు తయారీ జోరందుకుంటుంది, దాన్ని రక్తంలోకి పంపడం మందగిస్తుంది, జేఎన్‌కే అనే ఎంజైమ్ ఇన్సులిన్ మాట కణానికి చేరనివ్వదు. పేరుకున్న కొవ్వు తిరిగి ఆ జాలాన్నే దెబ్బతీస్తుంది. చివరికి చాప్ అనే ప్రొటీన్ కణాన్ని చావువైపు నెడుతుంది. తర్వాత వాపు, మచ్చ కట్టడం.

అంటే ఇక్కడ బయటి దెబ్బ కన్నా, దానికి కణం లోపలి స్పందనే అసలు కథ. మన భౌతికశాస్త్ర పుస్తకాల్లో ప్రెషర్‌కు పీడనం, స్ట్రెస్‌కు ప్రతిబలం అని వేర్వేరు మాటలున్నాయి. బయటి బలానికి ఎదురుగా వస్తువు లోపల పుట్టేది ప్రతిబలం. అర్థానికి అదే దగ్గర. కానీ 'కాలేయ కణాల్లో ప్రతిబలం పెరిగింది' అని రాస్తే బలం వచ్చిందని సంతోషించేవాళ్లుంటారు! ప్రతిదానికీ ఒత్తిడి అనే ఒక్క మాటే అంటించే మన అలవాటు మంచిది కాదనేవరకే నా ఫిర్యాదు.

ఇక జబ్బు పేరులోని కొవ్వు. దాని పాతరూపం క్రొవ్వు. పొగరు అనే అర్థమూ ఉంది. 'ఫ్యాటీ' అనడం రోగిని చిన్నబుచ్చుతుందని 2023లో వైద్యసంఘాలు జబ్బు పేరే మార్చాయి. మనకూ ఆ ఇబ్బంది ఉన్నట్టే.

సమాసం సంగతి: కణ అనే సంస్కృత ప్రాతిపదికకు తెలుగు మాట అతికించడం వైరిసమాసం, అంటే వ్యాకరణం ఒప్పని జోడింపు. కణపుటొత్తిడి వ్యాకరణానికి సరే, నోటికి సరిపడదు. 'కణంలో ఒత్తిడి' అని విడదీసి రాయండి. శీర్షికలో చోటు చాలక ఎవరైనా 'కణ ఒత్తిడి' అంటే నేనైతే కొట్టేయను.