కోళ్లు మడిని తయారుచేస్తాయా? మా పెరటి అనుభవం

"పెరట్లో కూరగాయల మడులు తవ్వే ఓపిక లేదు, నాలుగు కోళ్లను వదిలితే అవే నేలను తయారుచేస్తాయని విన్నాను, నిజమేనా?" అని మీరు అడిగారు. నిజమే. అయితే కోళ్లు చేసేది సగం పనే. వాటిని ఎప్పుడు మడిలోకి దింపాలో, ఎప్పుడు బయటికి తోలాలో తెలిసిన మనిషి ఉంటేనే మిగతా సగం పూర్తవుతుంది. వికారాబాద్ జిల్లాలోని మా అత్తవారి ఊరిలో, ఎర్ర చెల్క నేలలో, ఏడేళ్లుగా నేను ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది ఒక మడిని చేతులారా పాడుచేసుకున్న తరువాతనే నాకు ఈ సంగతి తెలిసివచ్చింది.

ఆ వేసవిలో, ఏప్రిల్ మొదటి వారంలో, 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో ఒక మడికి హద్దు గీసి, చుట్టూ వెదురు కట్టెలు పాతి, పాత చేపల వల చుట్టి, గద్ద దిగకుండా పైన కూడా అదే వల కప్పాను. పశువుల కొట్టం వెనకనున్న పెంటకుప్ప నుంచి నాలుగు తట్టల ఎరువు తెచ్చి పరిచి, దాని మీద వేప, కానుగ చెట్ల కింద ఊడ్చిన ఆకు వేసి, సాయంత్రం నీళ్లు చల్లి, తెల్లవారగానే ఆరు నాటుకోడి పెట్టలను అందులోకి వదిలాను. ఆకుల సందుల్లోకి జారేటట్టు ఒక గుప్పెడు జొన్నలు కూడా చల్లాను. జొన్నలు అంతకు మించి వేయకూడదు, మిగిలినవి మొలిచి తరువాత మనకే కలుపు అవుతాయి.

ఆ ఉదయం నేను వల పక్కన పీట వేసుకుని గంటసేపు కదలకుండా కూర్చున్నాను. మా నల్ల పెట్ట కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో రెండుసార్లు కెళ్లగించి, ఒక అడుగు వెనక్కి వేసి, మెడ పక్కకు వంచి, ఒక కంటితో నేలను చూసి, ఆ తరువాతనే ముక్కు దించేది. ఒకసారి ఎరువులోంచి బొటనవేలంత లావున్న తెల్లటి పురుగు, గోధుమరంగు తలతో కొడవలిలా వంగి ఉన్నది, బయటపడింది. పెట్ట దానిని కరచుకుని వల పొడవునా పరుగు తీస్తే, మిగతా అయిదూ వెంటపడ్డాయి. ఆ పరుగులో ఆకు, ఎరువు, మట్టి కలిసిన తీరు నేను పారతో ఎంత కలిపినా వచ్చేది కాదు. అంతకుముందు ఆ పురుగులను ఏరడానికి మా అత్తమ్మ ఎరువునంతా చేత్తో విప్పుకుంటూ కూర్చునేది. ఎనిమిదో రోజుకు మడి పైన రెండు మూడు అంగుళాల మన్ను జల్లెడ పట్టినట్టు తయారైంది.

అక్కడే ఆపవలసింది. ఎనిమిది రోజుల్లో ఇంత బాగుంటే ఇంకో రెండు వారాల్లో ఎంత బాగుంటుందోనని ఆశపడి కోళ్లను అందులోనే ఉంచాను. ఆకంతా చివికి, మన్ను పిండి అయి, పెట్టలు మడి నిండా గుంటలు చేసుకుని దుమ్ములో పొర్లడం మొదలుపెట్టాయి. అత్తమ్మ చూసి, "గిట్ల పిండి చేస్తే వాన కొట్టంగనే బండ అయితది బిడ్డా, కోళ్లను తియ్యి, మీద గడ్డి ఎయ్యి" అన్నది. నేను తల ఊపి ఊరుకున్నాను. గుంటలు సాపు చేసి, మీద ఏమీ కప్పకుండా, తొలకరికి ముందే బెండ గింజలు పెట్టాను. మృగశిర కార్తెలో ఒక సాయంత్రం పెద్ద చినుకులతో వాన పడింది, ఆ తరువాత మూడు రోజులు ఎండ కాసింది. నాలుగో రోజు చూస్తే మడి మీద మందపాటి పెచ్చు కట్టింది. గోటితో ఒక పెచ్చు లేపి చూశాను, దాని కింద బెండ మొలక మెడ వంచుకుని, పైకి రాలేక పక్కకు పాకి, పాలిపోయి పసుపుగా ఉంది. అరవై గింజల్లో తొమ్మిదే పైకి వచ్చాయి.

చెల్క నేలకు ఇది సహజ గుణం. మన్ను మరీ మెత్తగా పొడి అయితే వాన చినుకుల దెబ్బకు పైపొర కరిగి, ఎండగానే బిగుసుకుంటుంది. అందుకే నేను ఇప్పుడు ఆరు పెట్టలను అంత మడిలో అయిదారు రోజులే ఉంచుతాను, అదీ తెల్లవారి నుంచి పది గంటల వరకే. అవి బయటికి వచ్చిన రోజునే నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి గాని ఆకు గాని కప్పి, రెండు తడులు పెట్టి, మూడు వారాలు ముట్టుకోను. మన్ను తడిగా ముద్దగా ఉన్నప్పుడు మాత్రం కోళ్లను లోపలికి వెళ్లనివ్వను, వాటి కాళ్ల కింద అది అణిగిపోతుంది.

వేసవిలోనే ఈ పని చేయాలని నేను గట్టిగా చెబుతాను. ఎండాకాలంలో వానపాములు తడి కోసం లోతుకు దిగి ఉంటాయి కనుక కోళ్లకు అంతగా చిక్కవు. వానలు పడ్డాక వదిలితే మాత్రం మనకు పనికివచ్చే ఆ జీవాలనే ముందు తింటాయి. కోడికి మంచి పురుగు, చెడ్డ పురుగు అన్న తేడా లేదు.

మీరు అడిగినదాంట్లో తవ్వే పని తప్పుతుందా అన్న భాగానికి సగం అవుననే చెప్పాలి. కోడి కాలు మూడు అంగుళాలు దాటి వెళ్లదు. వంగ, బీర వంటివాటి వేరు దిగడానికి అడుగున గట్టి పొర ఉంటే గడ్డపార పట్టవలసిందే. గరిక, తుంగ ఉన్న చోట కోళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. అవి పై ఆకును కొరుకుతాయి, భూమిలోని గరిక వేర్లు, తుంగ గడ్డలు అలాగే ఉండి, నీరు తగలగానే తిరిగి లేస్తాయి. మొదటే వాటిని తవ్వి ఏరిన తరువాత కోళ్లను వదిలితే, లేత కలుపు, రాలిన గింజలు అవి చూసుకుంటాయి.

ఎరువు విషయంలో ఈ మధ్య నాకు చాలా బాధ కలుగుతున్నది. పశువుల ఎరువులో నత్రజని అర శాతం చుట్టుపక్కల ఉంటే, ఎండిన కోడి పెంటలో దాదాపు 3 శాతం ఉంటుంది. అంత ఘాటైనది గనుకనే పచ్చిగా వేస్తే మొక్క మాడుతుంది. అయినా మా చుట్టుపక్కల ఊళ్లలో ఫారాల నుంచి ట్రాక్టర్ల కొద్దీ ఊకతో కలిసిన పచ్చి పెంటను తెచ్చి, మాగనివ్వకుండా మళ్లలో గుమ్మరించి, నారు మాడిపోతే విత్తనాన్ని తిడుతున్నారు. కుప్ప పోసి, నీళ్లు చల్లి, తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగబెడితే అదే బంగారం.

కోళ్లను కొనేటప్పుడు కూడా చూసి కొనండి. ఒక సంత వ్యాపారి నాటుకోళ్లని చెప్పి నాకు నాలుగు ముసలి ఫారం పెట్టలను అమ్మాడు. గుడ్ల ఫారాల్లో ముక్కు కొసలు కోసిన కోళ్లవి. పాపం, కాళ్లతో కెళ్లగించేవి, పురుగు కనబడినా పట్టుకోలేకపోయేవి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలను వాటి పేరుతోనే అమ్మితే నాకు అభ్యంతరం లేదు. మడి పనికి మాత్రం తేలికగా, చురుకుగా ఉండే మన నాటు పెట్టకు సాటి లేదని నా నమ్మకం.

పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ వంటివాటి దగ్గర ఇంకొక జాగ్రత్త ఉంది. కోడి రెట్టలో కడుపు జబ్బులు తెచ్చే సాల్మొనెల్లా ఉండవచ్చు. అమెరికా సేంద్రియ సాగు నియమాల ప్రకారం మాగని పెంట పడిన తరువాత, మట్టికి తగిలే పంటకు కోత లోపు 120 రోజులు, తగలని పంటకు 90 రోజులు గడవాలి. మన పెరటికీ అదే లెక్క పాటించడం మంచిది. ఏప్రిల్‌లో కోళ్లు దిగిన మడిలో నేను జూన్ చివర వంగ నాటుతాను, కాయ చేతికి వచ్చేది సెప్టెంబరులో కనుక చింత ఉండదు. కొత్తిమీర ఆ మడిలో చలికాలం వచ్చాకే.

నాటిన తరువాత వల తీసేయకండి. తాము కెళ్లగించిన చోటికి పెట్టలు తిరిగి తిరిగి వస్తాయి, మెత్తని మన్నులో నిలబడిన చిన్న నారు వాటి కాలికి ఒక లెక్క కాదు. మా మడులకు వంగ మూరెడు పెరిగి కాండం గట్టిపడేదాకా వల ఉంచుతాను, ఆ తరువాత తీసినా అవి చెట్ల నీడలో పురుగులు ఏరుకుంటాయే గాని మొక్కలను పడగొట్టవు.