తీసేసే ముందు ఆ ఫైలు ఎవరిదో అడుగు

కావలి

అబ్బయ్యా,

ఒంగోలులో కాలేజీ ల్యాబు నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. డిస్కు నిండిందని అక్కర్లేని ఫైళ్ళు తీసేస్తున్నానన్న నీ మెసేజీ చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలా.

నేనూ ఒకసారి అలాగే తీశా. లైబ్రరీల ఫోల్డర్లో పాతదిలా కనిపించిన ఒక్క ఫైలు. పొద్దున్నే పరీక్షకొచ్చిన పిల్లలు ఆ మిషన్లో లాగిన్ కాలేకపోయారు. వాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే. అది ఏ ప్యాకేజీదో, అంటే ఏ సాఫ్ట్‌వేర్ మూటతో వచ్చిందో, ముందే అడిగుంటే చెయ్యి ఆగేది.

ఉబుంటు లినక్సులో టెర్మినల్ తెరిచి డీపీకేజీ అని కొట్టి, అడ్డగీత పెద్ద ఎస్ పెట్టి, ఫైలు పూర్తి దారి ఇవ్వు. మన ఊళ్ళో అడంగల్ తీసినట్టే: సర్వే నంబరు చెబితే పట్టాదారు పేరొస్తుంది. పెద్ద ఎస్ బదులు పెద్ద ఎల్ పెట్టి ప్యాకేజీ పేరిస్తే 1బీ తీసినట్టు, ఆ పేరు మీదున్న ఫైళ్ళన్నీ వస్తాయి. ఫెడోరా అనే ఇంకో లినక్సు మిషనైతే డీపీకేజీ బదులు ఆర్పీఎం, అడ్డగీత క్యూఎఫ్.

చిక్కంతా ‘దొరకలేదు’ అన్నప్పుడే. యూఎస్ఆర్ బిన్ ఫోల్డర్లోని ఆక్ అనే కమాండుని అడిగి చూడు, ఎవరిదీ కాదంటుంది. అది అసలు ఫైలు కాదు, ఉత్త లింకు, ఈటీసీ ఫోల్డర్లోని ఆల్టర్నేటివ్స్ మీదుగా ఇంకోచోటికి పోతుంది. రీడ్‌లింక్ కమాండు, అడ్డగీత చిన్న ఎఫ్‌తో కొస పట్టుకుంటే మామూలుగా ఎమ్ఆక్ అనే అసలు ఫైలు బయటపడుతుంది. దాన్ని అడుగు, ప్యాకేజీ పేరు చెబుతుంది. డెబియన్ 12 అనే లినక్సులో, ఫైళ్ళ పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండుది ఇంకో తిరకాసు. కనిపించేది యూఎస్ఆర్ బిన్‌లో, రికార్డులో రాసింది ఉత్త బిన్ అని. దారి రాసేటప్పుడు ముందున్న యూఎస్ఆర్ అన్న మాట వదిలేసి అడిగితే కోర్‌యుటిల్స్ ప్యాకేజీ అంటుంది.

ఈటీసీలోని పాస్‌వర్డ్ ఫైలుకు ఏ ప్యాకేజీ పేరూ రాదు. సిస్టం ఎక్కించేటప్పుడు పుట్టిందది. పట్టా లేదని తీసేస్తే యూజర్లెవరూ లోపలికి రాలేరు. యూఎస్ఆర్ లోకల్ కింద ఉన్నవి ఎవరో చేత్తో ఎక్కించినవి, వాటి సంగతి నీకు ముందు ల్యాబు చూసినాయన్నే అడగాలి.

ఇంకోటి. పిల్లలు సీ ప్రోగ్రాం కంపైల్ చేస్తుంటే జెడ్‌లిబ్ డాట్ హెచ్ అనే ఫైలు లేదని వస్తుంది. డీపీకేజీకి మిషన్లో ఉన్న ప్యాకేజీలే తెలుసు, లేనివి తెలియవు. దానికి ఏపీటీ ఫైల్ అనే ప్రోగ్రాం ఎక్కించుకో. దాంతో ముందు అప్‌డేట్, తర్వాత ఆ ఫైలు పేరుతో సెర్చ్. వచ్చిన వరసల్లో జెడ్‌లిబ్1జీ డెవ్ కనిపిస్తుంది, ఎక్కించు.

జాగా కావాలంటే ఏపీటీ క్లీన్ కొట్టు, ప్యాకేజీలు ఎక్కించడానికి దింపుకున్న డెబ్ ఫైళ్ళు మాత్రమే పోతాయి. లైబ్రరీల జోలికి పోబాక.

ఇప్పటికే ఏవి తీశావో గుర్తు లేకపోతే, డీపీకేజీ, అడ్డగీత పెద్ద వీ కొట్టి, మిస్సింగ్ అని వచ్చిన వరసలు నాకు పంపు. అప్పటిదాకా ఆ మిషన్ రీస్టార్ట్ చేయబాక. ఏ ప్యాకేజీలు మళ్ళీ ఎక్కించాలో ఫోన్లో చెబుతా.

మామయ్య