మందు విరిగిందా, బొగ్గులో దాక్కుందా?

అమ్మాయీ,

ఆశీస్సులు. వేరుశనగ తొక్కల బొగ్గు, ఆక్సోన్ అనే ఆక్సీకరణ పొడి కలిపి నీళ్లలోని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని విరగ్గొట్టడం నీ ఎం.టెక్. ప్రాజెక్టు అన్నావు. మందు ఎంపిక బాగుంది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయ్యాక బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఇదే మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. కాబట్టి లీటరుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెడితే అతిగా ఉందని ఎవరూ అనలేరు.

ముందు బొగ్గు సంగతి. తొక్కలు కడిగి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, పొడిచేసి, అంతే బరువు యూరియా కలుపు. ట్యూబ్ ఫర్నెస్‌లో అరగంట నైట్రోజన్ పారించి గాలంతా వెళ్లగొట్టాకే వేడి మొదలుపెట్టు. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800కి తీసుకెళ్లి రెండు గంటలు ఉంచు. 400, 500 డిగ్రీల బొగ్గులో ఎలక్ట్రాన్లు సరిగా కదలవు, అది ఆక్సోన్‌ని పెద్దగా కదిలించలేదు. వంద డిగ్రీల లోపుకు దిగేదాకా ఫర్నెస్ తెరవకు. క్రూసిబుల్ అంచున తెల్లటి బూడిద కనిపిస్తే గాలి దూరిందని అర్థం, ఆ బ్యాచ్ పారేయ్.

తర్వాత ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రాత్రంతా కలియబెట్టి, కడిగిన నీళ్లు తటస్థమయ్యేదాకా కడుగు. చాలామంది బద్ధకించేది ఇక్కడే. బూడిదలోని క్షారం పీహెచ్ పెంచుతుంది, అందులోని ఇనుము తనే ఆక్సోన్‌ని ప్రేరేపిస్తుంది. ఆ పుణ్యం నువ్వు బొగ్గు ఖాతాలో రాసేస్తావు.

సిప్రోఫ్లాక్సాసిన్ మామూలు నీళ్లలో సరిగా కరగదు, హైడ్రోక్లోరైడ్ లవణం కొనుక్కో. వెలుతురుకి అదే విరిగిపోతుంది కాబట్టి సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టు.

లీటరుకు బొగ్గు 0.2 గ్రాములు, ఆక్సోన్ 0.307 గ్రాములు వెయ్యి. ఆక్సోన్‌లో సగం పనికిరాని సల్ఫేటే, అందుకే అందులో పనిచేసే భాగమైన పెరాక్సీమోనోసల్ఫేట్ ఒక మిల్లీమోల్ రావడానికి అంత తూకం. ద్రావణం ఏ పూటకాపూట చేసుకో. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడు: 0.2 గ్రాముల బొగ్గుకి 10 మిల్లీగ్రాముల మందు, అంటే గ్రాముకు 50 మిల్లీగ్రాములే. మంచి రంధ్రాలున్న బొగ్గు ఆక్సోన్ లేకుండానే దాన్ని మింగేస్తుంది. నీటిలో మందు తగ్గినంత మాత్రాన విరిగినట్టు కాదు.

అందుకే ఏ రోజు ప్రయోగమైనా నాలుగు ఫ్లాస్కులు పెట్టు: బొగ్గు ఒక్కటే, ఆక్సోన్ ఒక్కటే, రెండూ కలిపి, నాలుగోది బొగ్గుతో పాటు, పీహెచ్‌ని ఆక్సోన్ ఫ్లాస్కుతో సమానం చేసేంత సల్ఫ్యూరిక్ యాసిడ్. ఈ నాలుగోది అనవసరం అనిపిస్తుంది గానీ వదలకు. ఆక్సోన్ పడగానే పీహెచ్ మూడు దగ్గరికి పడిపోతుంది, దాంతో మందు మీదా బొగ్గు మీదా ఉండే విద్యుదావేశం మారి, అతుక్కునే తీరే మారిపోతుంది. పీహెచ్ మారకుండా నిలిపే బఫర్ కావాలంటే బోరేట్ వాడు. ఫాస్ఫేట్, కార్బోనేట్ రెండూ ఆక్సోన్‌తో కలబడతాయి.

శాంపిల్ మూడు మిల్లీలీటర్లు తీసి, అప్పటికే 0.3 మిల్లీలీటర్ల 0.1 మోలార్ సోడియం థయోసల్ఫేట్ ఉన్న వయల్‌లో పొయ్యి. అది మిగిలిన ఆక్సోన్‌ని చంపి చర్యని ఆపుతుంది, ఆలస్యమైతే చర్య వయల్‌లో కూడా సాగుతూనే ఉంటుంది. పలచనైనంత లెక్కలో సరిచెయ్యి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో మొదటి మిల్లీలీటర్ పారబొయ్యి. ఫిల్టరే మందుని పట్టుకుంటోందేమో, తెలిసిన ద్రావణం ఒకటి పోసి చూసుకో. కొలత హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం), 278 నానోమీటర్ల కాంతి దగ్గర. ఉత్త స్పెక్ట్రోఫోటోమీటర్‌ని నమ్మకు, విరిగిన ముక్కలు కూడా అక్కడే కాంతిని పీలుస్తాయి.

ప్రయోగం అయ్యాక వడకట్టిన బొగ్గుని పారేయకు. కాస్త యాసిడ్ కలిపిన మిథనాల్‌లో కలియబెట్టి, దిగిన మందుని కొలువు. నీటిలో మిగిలింది, బొగ్గు నుంచి దిగింది కలిపి మొదటి 10లోంచి తీసేస్తే, విరిగింది సుమారుగా తేలుతుంది. దీనికి తోడు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో విడుదలైన ఫ్లోరైడ్ కొలిస్తే సాక్ష్యం గట్టిపడుతుంది. ఈ. కోలై బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద శుద్ధయిన నీటి చుక్క చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంటే, ఇంకా సూక్ష్మజీవుల్ని చంపేదేదో మిగిలిందన్నమాటే.

మందుని విరగ్గొట్టింది రాడికల్స్ అనే చురుకైన ముక్కలా, సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన ఆక్సిజనా అని తేల్చడానికి, దాన్ని పట్టేసే ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్ ఒక్కటి వేసి సింగ్లెట్ ఆక్సిజన్ అని రాసేయకు. ఆ ఆల్కహాల్ రాడికల్స్‌నీ, నేరుగా ఆక్సోన్‌నీ కూడా తినేస్తుంది.

ఫ్యాక్టరీ నీళ్లంటే వేరే లోకం. క్లోరైడ్ ఉంటే ఆక్సోన్ నేరుగా దాన్ని క్లోరిన్‌గా మార్చేస్తుంది. మందు ఇంకా వేగంగా పోయినట్టు కనిపిస్తుంది, కానీ క్లోరిన్ తగులుకున్న కొత్త పదార్థాలు పుట్టొచ్చు. సీఓడీ (ఆక్సీకరణకు ఆక్సిజన్ కోరే మలినాల కొలత) ఎక్కువున్న ముడి నీటికి ఈ పద్ధతి డబ్బు దండగ, బయలాజికల్ శుద్ధి తర్వాతే దీని చోటు. పైగా నువ్వు వేసే ఆక్సోన్ అంతా ఖర్చయితే లీటరుకు సుమారు 192 మిల్లీగ్రాముల సల్ఫేట్ మిగులుస్తుంది. తర్వాత ఆర్‌ఓ ఉంటే మిగిలిన ఆక్సోన్‌ని బైసల్ఫైట్‌తో చంపాలి, లేదంటే మెంబ్రేన్ పాడవుతుంది.

అదే బొగ్గుని మళ్లీ వాడితే పని తగ్గడం మామూలే, దాని ఉపరితలం కూడా ఆక్సీకరణ చెందుతుంది. నైట్రోజన్‌లో 500 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చి చూడు, కొంతైనా తేరుకుంటుంది. ప్రతిసారీ కాస్త బొగ్గు వడపోతలో పోతుంది, తూచి రాసుకో.

మొదటి గ్రాఫు పంపేటప్పుడు నాలుగు ఫ్లాస్కుల గీతలూ ఒకే బొమ్మలో పెట్టు. పీహెచ్ అంకెలు పక్కనే రాయి.

మీ బాబాయి