వేప కషాయం కొట్టినా లద్దె పురుగు చావట్లేదు, అసలు పనిచేస్తుందా?

మిర్చిలో వేప కషాయం కొట్టి రెండు రోజులైనా పొగాకు లద్దె పురుగు ఆకుల మీద తిరుగుతూనే ఉందన్నారు. తిరుగుతుందండీ. షాపు మందులా గంటల్లో పడగొట్టే రకం కాదది. వేపలో ఉండే అజాడిరాక్టిన్ అనే పదార్థం ముందు పురుగుకి తిండి మాన్పిస్తుంది, ఆపైన కుబుసం విడవనివ్వదు. అందుకే మా చేలో నేను చూసేది కొత్త చిగురుకి చిల్లులు పడుతున్నాయా, పురుగు కింద తడి రెట్ట ఉందా అని. నాలుగైదు రోజులకి సగం ఊడిన కుబుసం వేలాడుతూ, నల్లబడి ముడుచుకుపోయిన పిల్ల పురుగులు కనబడతాయి.

పిల్ల పురుగులే సుమా. వేలంత లావైన వాటికి ఇది ఆనదు. ఈ పురుగు గుడ్లన్నీ ఒకేచోట కుప్పగా పెడుతుంది, పిల్లలు పచ్చదనం గీకేసి ఆకుని జల్లెడ చేస్తాయి. జల్లెడాకు కనబడ్డ రోజే కోసి పారేసి, ఆ సాయంత్రమే కషాయం కొట్టాలి.

కషాయం కాచుకోవడంలో ఎక్కువమంది దెబ్బతినేది వేప గింజ దగ్గర. పగలగొడితే పప్పు పచ్చగా ఉండాలి. నల్లబడి బూజు వాసన వస్తే ఎంత నానబెట్టినా దండగే. నీడన ఆరిన గింజల పప్పు 5 కిలోలు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా 10 లీటర్ల నీళ్లలో నానేసి, పొద్దున బాగా పిండి వడకట్టండి. 100 లీటర్లకి పెంచి, 100 గ్రాముల సబ్బు పొడి కలపండి. సబ్బు లేకపోతే మిర్చి ఆకు మీద మందు నిలవదు. కషాయం బదులు వేపనూనె కొంటే సీసా మీద పీపీఎం (పది లక్షల పాళ్లలో అజాడిరాక్టిన్ ఎన్ని పాళ్లో చెప్పే అంకె) చూడండి. 1500 అని ఉంటే లీటరుకి 5 మి.లీ.

సాయంత్రమే ఎందుకంటే ఎండకి అజాడిరాక్టిన్ విరిగిపోతుంది. ఈ ఎండ గొడవ వేపకొక్కదానికే లేదు. కాయకుళ్లుకి మనం కొట్టే తెగులు మందు అజాక్సీస్ట్రోబిన్ పుట్టుక పైన్ కాయల మీద మొలిచే ఓ చిన్న పుట్టగొడుగులో ఉంది. దాన్నుంచి 1977లో జర్మనీలో స్ట్రోబిలురిన్ అనే బూజుని చంపే పదార్థాన్ని వేరుచేశారు. అదీ వెలుతురుకి చెడిపోయేదే. అణువుని మార్చి, ఎండకి తట్టుకునేలా చేసి 1996లో అమ్మకానికి తెచ్చారు. వేపతో ఆ పని అంత తేలిక కాదు: 1968లో వేరుచేసిన అజాడిరాక్టిన్‌ని ల్యాబులో తయారుచేయడానికి 2007 దాకా పట్టింది.

చెట్టుదే కదా అని ధీమా వద్దు. అగ్నిఅస్త్రంలో (పొగాకు వేసి ఇంట్లో కాచుకునే పురుగు కషాయం) వేసే పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, తొడుగుల్లేకుండా పిండకండి. కడుపులో పురుగులకని పసిపిల్లలకి వేపనూనె తాగించడం మరీ ప్రమాదం, మూర్ఛలొచ్చి ప్రాణాల మీదికి వచ్చిన కేసులున్నాయి.

ఇప్పుడు మీ చేలో పెద్దవైపోయిన పురుగులకి కషాయం ఖర్చు పెట్టకండి. పగలు మట్టి పగుళ్లలో దాక్కుని రాత్రి మేస్తాయి కాబట్టి తవుడు, బెల్లం కలిపిన విషపు ఎర పొద్దువాలాక సాళ్లలో వేయండి. కోళ్లు, పశువులు అటు పోకుండా చూసుకోండి.