1947 పాలస్తీనా విభజన ప్రణాళికను అరబ్బులు ఎందుకు తిరస్కరించారు?

ముందు లెక్కలు చూడండి. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33–13 ఓట్లతో ఆమోదించిన 181వ తీర్మానం, పాలస్తీనాను యూదు, అరబ్బు రాజ్యాలుగా చీల్చి, జనాభాలో మూడో వంతున్న యూదులకు సుమారు 55 శాతం నేల కేటాయించింది. అందులో చాలా భాగం నెగెవ్ ఎడారే, నిజమే. కానీ ఆ యూదు రాజ్యంలోనూ దాదాపు సగం మంది అరబ్బులే ఉండేవారు. అయినా అరబ్బుల అసలు పేచీ శాతాల గురించి కాదు: మెజారిటీ ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని చీల్చే హక్కు సమితికి ఎక్కడిది?

పాలస్తీనా యూదుల ప్రతినిధి సంస్థ అయిన యూదు ఏజెన్సీ ఈ ప్రణాళికకు ఒప్పుకుంది. నాజీల మారణహోమం తర్వాత వారికి సరిహద్దుల కన్నా రాజ్యమే ముఖ్యమైంది.

అప్పుడే తానూ విభజన చవిచూసిన భారత్ సమాఖ్య రాజ్యాన్ని సూచించి, విభజనకు వ్యతిరేకంగా ఓటేసింది. అరబ్ దేశాలతో జరిగిన 1948 యుద్ధంలో కొత్త యూదు రాజ్యం ఇజ్రాయెల్ నిలిచింది. వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ చేతికి, గాజా ఈజిప్టు చేతికి వెళ్లాయి.