తెలుగు మీడియం కావాలని సర్కారు బడిని అడగవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా పాప ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి పూర్తి చేసింది. పేరుకు ఇంగ్లిష్ మీడియమే అయినా అక్కడి సార్లు పాఠం తెలుగులోనే చెప్పేవారు. ఇప్పుడు ఆరో తరగతిలో సైన్సు పాఠాన్ని బట్టీపట్టి అప్పజెప్పుతోంది కానీ అర్థం అడిగితే చెప్పలేకపోతోంది. తెలుగు మీడియం లేదని హెడ్మాస్టరు అంటున్నారు. మాకు అడిగే హక్కు ఉందా?
- ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

జవాబు: అడిగే హక్కు మీకు నిశ్చయంగా ఉంది. అడిగిన వెంటనే తరగతి తెరిచి తీరాలని ప్రభుత్వాన్ని శాసించేంత బలం మాత్రం ఆ హక్కుకు ఇప్పటికైతే లేదు.

మన దగ్గర బడి భాషను పైవారు నిర్ణయించడం కొత్తేమీ కాదు. నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగేవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష కూడా అదే. తెలుగు చదువుకు బడి బయట చోటు వెతుక్కోవలసి వచ్చిన ఆ రోజుల్లోనే, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం వెలసింది. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చి, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించాలని రాష్ట్రాలను ఆదేశించారు. చిత్రమేమంటే, కాళేశ్వరం అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచలో ఉండే తెలుగు కుటుంబం ఈ అధికరణాన్ని చూపి అడగగలదు గానీ, తెలంగాణలో తెలుగువారు అల్పసంఖ్యాకులు కారు కనుక మీరు అడగలేరు.

మీకు పనికొచ్చేది 2014 మే నెలలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కర్ణాటక కేసులో ఇచ్చిన తీర్పు. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషనే మాధ్యమంగా రుద్దే అధికారం రాష్ట్రానికి లేదనీ, ఏ భాషలో చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణంలో భాగమనీ, బిడ్డ తరఫున దాన్ని తల్లిదండ్రులు వినియోగించుకోవచ్చుననీ ఆ తీర్పు సారాంశం. అది ఇంగ్లిష్ కోసం పోరాడినవారు గెలిచిన కేసే అయినా, ఎంపిక స్వేచ్ఛ ఒక్క ఇంగ్లిష్‌కే వర్తిస్తుందనడం కుదరదు. అయితే అది ప్రధానంగా ప్రైవేటు బడులపై ప్రభుత్వ ఒత్తిడికి సంబంధించిన వివాదం. ప్రభుత్వం తన సొంత బడిలో ఏ మీడియం నడపాలన్న ప్రశ్నకు అది నేరుగా జవాబు చెప్పదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. బడుల్లో ఇంగ్లిష్ మీడియాన్నే తప్పనిసరి చేస్తూ అక్కడి ప్రభుత్వం ఇచ్చిన 81, 85 నంబర్ల జీవోలను 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. కానీ 2019 జనవరి 1న హైకోర్టులు విడిపోయాయి గనుక ఈ తీర్పు మన హైకోర్టును కట్టడి చేయదు. ఉదాహరణగా చూపుకోవచ్చు, అంతే.

2009 నాటి విద్యాహక్కు చట్టం 29(2)(ఎఫ్) సెక్షను ప్రకారం 'సాధ్యమైనంత వరకు' బోధన మాతృభాషలో ఉండాలి. ఆ రెండు మాటలే అధికారులకు తప్పించుకునే దారి. 2018 నాటి మన రాష్ట్ర తెలుగు చట్టం తెలుగును ఒక సబ్జెక్టుగా నేర్పడం గురించినదే కనుక మీడియం విషయంలో మీకు ఉపయోగపడదు.

కాబట్టి ముందు వివాదాన్ని చిన్నదిగా చేసుకోండి. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పాఠ్యపుస్తకాలు ముద్రించి ఇచ్చారు. పాఠాన్ని రెండు భాషల్లోనూ వివరించాలనీ, ఈ రెండేళ్లు పరీక్షల్లో జవాబులు తెలుగులో రాయనివ్వాలనీ, సాధ్యమైతే తెలుగు మీడియం సెక్షన్ తెరవాలనీ హెడ్మాస్టరుకు, పాఠశాల కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. నా దృష్టిలో మీ పాపకు తక్షణం మేలు చేసేవి మొదటి రెండు కోరికలే, మూడోది కాదు. మీలాంటి మరికొందరు తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉంటే 'సాధ్యం కాదు' అనడం అధికారులకు అంత తేలిక కాదు.

జవాబు రాకపోతే విద్యాహక్కు చట్టంలోని 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ పైన బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంది. రిట్ పిటిషన్ ఆ తర్వాతి మాట. ఈలోగా పక్క మండలంలో తెలుగు మీడియం నడుస్తున్న సర్కారు బడి దొరికితే, అదే చట్టం 5వ సెక్షను ప్రకారం టీసీ వెంటనే ఇవ్వవలసిన బాధ్యత హెడ్మాస్టరుదే. టీసీ ఆలస్యమైందని ఆ బడి చేర్చుకోకుండా ఉండడానికీ వీల్లేదు.